మిల్లుల్లో 14 గంటలు "నవ్వుతూ" పనిచేసిన తాతలు: ఇది నిజమేనా?

వేములవాడ_వేణు
మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వారం నుంచి తిరుగుతోంది. "మన పెద్దలు మిల్లుల్లో రోజుకు 14 గంటలు నవ్వుతూ పనిచేశారు, సెలవుల్లేవు, సంఘాల్లేవు, అయినా గుండ్రాయిలా బతికారు, ఇప్పటి పిల్లలకు ఎనిమిది గంటలకే టెన్షన్" అని. దాని కింద అందరూ దండాలు పెడుతున్నారు. మా ముత్తాత తమ్ముడు కరీంనగర్ వైపు నుంచి షోలాపూర్ పోయి మిల్లులో చేరాడు. ఆయన నవ్వాడో ఏడ్చాడో చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.
నావి రెండు సందేహాలు. మొదటి రోజుల్లో బొంబాయి, షోలాపూర్ మిల్లుల్లో నిజంగా ఎలా ఉండేది? ఇంగ్లండ్ పొగగొట్టాల సంగతి బళ్ళో చదివాం, అది వద్దు. రెండోది, అంత ఘోరంగా ఉంటే జనం ఎందుకు పోయారు, పోయినవాళ్ళు వెనక్కి ఎందుకు రాలేదు?

ఉల్లిదోశ
14 గంటలు నవ్వితే దవడలు పట్టేస్తాయి. ఆ మెసేజ్ రాసినాయన ఏ షిఫ్టులో చేశాడో ముందు కనుక్కో.

పాతకాగితాలు
14 గంటల మాట అబద్ధం కాదు, నవ్వడమే అబద్ధం.
బొంబాయిలో మొదటి బట్టల మిల్లుకి కావస్జీ దావర్ 1854లో కంపెనీ పెట్టాడు, 1856లో తార్‌దేవ్‌లో పని మొదలైంది. అప్పట్లో మిల్లుల్లో కరెంటు దీపాలు లేవు. వెలుగు ఉన్నంతసేపూ పని, అంతే. చలికాలం పది, పదకొండు గంటలు పడేది. ఎండాకాలం పొద్దు పెద్దది కాబట్టి 13, 14 గంటలు. అంటే సరిగ్గా ఉక్కపోత ముదిరే నెలల్లోనే పని కూడా పెరిగేది. ఆదివారం సెలవని ఏమీ లేదు, పండగలకు ఆపేవాళ్ళు, లేదా మిషన్లు తుడవడానికి ఆపేవాళ్ళు. ఆ తుడిచే పని మళ్ళీ వీళ్ళదే.
జీతం సంగతి ఇంకా అన్యాయం. ఈ నెల చేసిన పనికి డబ్బు వచ్చే నెల సగం గడిచాక చేతికొచ్చేది. అంటే ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడు నెలన్నర పైగా అప్పు మీదే బతకాలి. చెప్పకుండా ఒకరోజు మానేస్తే రెండు రోజుల జీతం కోత, దానికి "డబుల్ ఖాడా" అని పేరు. నేత ఖాతాలో (ఖాతా అంటే మిల్లులో ఒక విభాగం) బట్ట పాడైతే ఆ బట్ట నేసినవాడికే అంటగట్టి, ధర జీతంలో పట్టుకునేవాళ్ళు. దాన్ని వాడు బజార్లో అయినకాడికి అమ్ముకోవాలి.

సూటిగా_చెప్తా
ప్రతిసారీ ఇదే పాట. పొలం పని మాత్రం పది నుంచి ఐదు దాకానా? మా వైపు నాట్లు వేసేవాళ్ళు కూడా పొద్దు పొడవకముందు దిగి చీకటి పడ్డాక లేచేవాళ్ళు. ఎవరినీ తాడేసి కట్టి మిల్లుకి తోలలేదు. కాళ్ళతో నడిచి వెళ్ళారు. జనం కాళ్ళతో వేసిన ఓటు అది. మనం ఏసీలో కూర్చుని జాలి పడక్కర్లేదు.

ఆదోని_అమ్మాయి
@సూటిగా_చెప్తా నాట్లు ఏడాదికి ఎన్ని రోజులు? కలుపు మధ్యలో గట్టెక్కి తాంబూలం వేసుకోవచ్చు. మిషన్ పక్కన అది కుదరదు, బెల్టు తిరుగుతూనే ఉంటుంది.

లెక్కల_మాస్టారు
కాళ్ళతో ఓటు అన్నారు కాబట్టి ఆ కాళ్ళు ఎక్కడి నుంచి బయల్దేరాయో చూద్దాం.
1876-78 కరువు. బళ్ళారి, కర్నూలు, కడప, పక్కన నైజాం ఇలాకా, బొంబాయి దక్కన్ అన్నీ మాడిపోయాయి. కరువు పనుల్లో మగవాడి కూలి ఎంత ఉండాలో సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు: రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అర కిలో కూడా కాదు. దానికి రాళ్ళు కొట్టాలి, మట్టి మొయ్యాలి. అటువైపు అది, ఇటువైపు మిల్లు జీతం. ఈ రెండింట్లో మిల్లును ఎంచుకుంటే మిల్లు బాగుందని రుజువు కాదు కదా.
ఇక మిల్లు జీతంతో ఏం తిన్నారో కూడా ఉంది. బొంబాయి లేబర్ ఆఫీసు 1921-22లో కార్మిక కుటుంబాల ఖర్చులు ఆరా తీసింది. తేలిందేమిటంటే, తిండిగింజలు కరువు కోడ్ (కరువు సాయం మీద సర్కారు నియమాలు) ఇమ్మన్నంత తింటున్నారు, జైలు మాన్యువల్ ఖైదీకి ఇమ్మన్నదాని కంటే తక్కువ తింటున్నారు. ఇది సంఘం నాయకుడి ఉపన్యాసం కాదు, సర్కారు వారి రిపోర్టు. అదీ మిల్లులు మొదలైన అరవై ఏళ్ళ తర్వాత.

ఉల్లిదోశ
దొంగతనం చేస్తే ప్రమోషన్ అన్నమాట.

షోలాపూర్_కోడలు
@వేములవాడ_వేణు మా అత్తగారి వాళ్ళది మీ కథే. నేను పుట్టింది సిద్దిపేట వైపు, పెళ్ళయి వచ్చింది షోలాపూర్ తూర్పు పేటకి. ఇక్కడ వీధులకు వీధులు పద్మశాలీలం, కొట్లో కూడా తెలుగులోనే బేరం. మా మామగారి తాత మగ్గం నేసేవాడట. మిల్లు బట్ట ఊళ్ళోకి వచ్చాక చేనేత బట్ట అడిగేవాడు తగ్గాడు, దాని మీద కరువు. పైగా దొర గడీలో వెట్టి. ఆయన ఊరు వదిలింది ఆకలికి కాదు, వెట్టికి అని మా అత్తగారు గట్టిగా చెబుతారు. "మిల్లులో మేస్త్రీ తిడతాడు, కానీ నెలకోసారి డబ్బిస్తాడు, దొర తిట్టి ఏమీ ఇవ్వడు" అనేవాడట. ఈ మాట కూడా లెక్కలో వేసుకోండి.
పొద్దున మిల్లు భోంగా కూసేది (సైరన్‌ని ఇక్కడ భోంగా అనే అంటారు). గడియారం ఉన్న ఇల్లు లేదు. భోంగా కంటే ముందే లేవకపోతే గేటు మూసేస్తారని ఆ తాతకి భయం. మిల్లు మానేసి ముసలివాడయ్యాక కూడా నిద్రలో ఉలిక్కిపడి లేచి చొక్కా వెతుక్కునేవాడని చెబుతారు.

సూటిగా_చెప్తా
చూశారా, షోలాపూర్ కోడలు గారే చెప్పారు. వెట్టి కన్నా మిల్లు నయం. నేనన్నదీ అదే.

షోలాపూర్_కోడలు
నయం అన్నాను, బాగుంది అనలేదు. ఆయన కొడుకుని మిల్లులో చేర్చలేదు, అప్పుచేసి సొంత మగ్గం వేయించాడు. అదెందుకో కూడా ఆలోచించండి.

నైట్‌షిఫ్ట్_నాని
మేస్త్రీ అంటే ఇక్కడ ఎవరు? సూపర్‌వైజరా?

పాతకాగితాలు
అంతకన్నా చాలా పెద్దమనిషి. బొంబాయిలో జాబర్ అనేవాళ్ళు, ముకాదం అనీ అనేవాళ్ళు, మద్రాసు వైపు మేస్త్రీ. పనిలో పెట్టుకునేది అతనే, తీసేసేది అతనే, మిషన్ చెడిపోతే బాగుచేయించేది అతనే. మేనేజరు పార్సీయో ఇంగ్లీషువాడో అయ్యుంటాడు, కార్మికుల భాష రాదు, వాళ్ళ పేర్లూ తెలియవు. అందుకే మొత్తం జాబర్ చేతిలో. పని కావాలంటే అతనికి దస్తూరీ (మామూలు) చెల్లించాలి, పని నిలబడాలంటే మళ్ళీ చెల్లించాలి. ఆడవాళ్ళ ఖాతాల్లో ఇదే పని చేసే ఆవిడని నాయికిణ్ అనేవాళ్ళు. పొద్దున్నే గేటు దగ్గర బద్లీవాళ్ళు (రానివాళ్ళ బదులు పనిచేసేవాళ్ళు) గుమిగూడేవాళ్ళు, ఆ రోజు ఎవరు రాలేదో చూసి జాబర్ కొందరిని లోపలికి పిలుస్తాడు. మిగతావాళ్ళు ఇంటికి. అద్దె గది చూపించేది అతనే, అప్పు ఇప్పించేదీ అతనే, ఒక్కోసారి అప్పిచ్చేదీ అతనే.

నైట్‌షిఫ్ట్_నాని
అర్థమైంది. మా సైట్‌లో లేబర్ కంట్రాక్టర్. పేరు మారింది, కమిషన్ మారలేదు.

మోడరేటర్
ఇప్పటి కంపెనీల పేర్లు, ఇప్పటి పార్టీల గొడవ ఈ చర్చా దారంలోకి తేకండి. పాతకాలం మీద ఉండండి.

లెక్కల_మాస్టారు
అప్పు సంగతి వచ్చింది కాబట్టి. రూపాయికి నెలకు అణా వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. పదహారణాల రూపాయి కాబట్టి నెలకు ఆరుంపావు శాతం, ఏడాదికి 75 శాతం. కార్మికుల స్థితి మీద సర్కారు వేసిన విట్లీ కమిషన్ (1929-31) రాసిన మామూలు రేటే ఇది, అంతకు రెట్టింపు కూడా ఉండేదని రాశారు. జీతాల రోజున పఠాన్ వడ్డీవాళ్ళు కర్రలు పట్టుకుని మిల్లు గేటు బయట నిలబడేవాళ్ళు. అప్పు వసూలుకి పనిచేసే చోట ఇలా కాపు కాయడాన్నే నేరం చెయ్యమని ఆ కమిషన్ సిఫారసు చేసింది. జీతం ఆలస్యంగా ఇచ్చేది యజమాని, ఆ ఆలస్యం మీద వడ్డీ కట్టేది కార్మికుడు. జీతాల చెల్లింపు చట్టం 1936లో గానీ రాలేదు.

వేములవాడ_వేణు
పిల్లలు కూడా చేసేవాళ్ళా? మా గ్రూపులో ఒకాయన "చిన్నప్పుడే పని నేర్చుకోవడం మంచిదేగా" అంటున్నాడు.

పాతకాగితాలు
చేసేవాళ్ళు. దారం తెగితే ముడివెయ్యడానికి, నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టడానికి చిన్న వేళ్ళు కావాలి. 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోకూడదు, 7 నుంచి 12 మధ్య వాళ్ళకి రోజుకు 9 గంటలే, మధ్యలో ఒక గంట విరామం, నెలకు నాలుగు సెలవులు. ఇదీ చట్టం పెట్టిన దయ. అదీ 100 మందికి పైగా ఉన్న ఫ్యాక్టరీలకే. పెద్దవాళ్ళ పని గంటల గురించి ఒక్క ముక్క లేదు. ఇంగ్లండ్‌లో 1833 నాటికే తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లోకి రానివ్వలేదు. అక్కడ జరిగిన దాదాపు 50 ఏళ్ళ తర్వాత, ఇక్కడ రెండేళ్ళు తక్కువ వయసుతో మొదలుపెట్టారు.
వయసు ఎలా తేలుస్తారు? పుట్టినరోజు కాగితాలు ఎవరికీ లేవు. డాక్టరు నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు. 1891లో సవరించి 9 నుంచి 14 దాకా పిల్లలని, రోజుకు ఏడు గంటలని మార్చారు. దానికీ దారి కనిపెట్టారు. పిల్లవాడు పొద్దున ఒక మిల్లులో ఒక పేరుతో, మధ్యాహ్నం ఇంకో మిల్లులో ఇంకో పేరుతో. అహ్మదాబాద్‌లో ఇది బాగా నడిచింది.

ఆదోని_అమ్మాయి
మా వైపు జిన్నింగ్ మిల్లుల (పత్తి నుంచి గింజ తీసేవి) సంగతి ఎవరూ రాయరు, ఎంతసేపూ బొంబాయే. పత్తి వచ్చే కాలంలో కొన్ని నెలలే నడుస్తాయి కాబట్టి మొదటి చట్టం చాలావాటిని తాకనే లేదు. సీజన్లో రోజుకు 17, 18 గంటలు నడిపేవాళ్ళని పాత కమిషన్ల రిపోర్టుల్లోనే ఉంది, దేశమంతా. ఎక్కువగా ఆడవాళ్ళు. పత్తి నూగు ముక్కులోకి పోయి దగ్గు. మా నాయనమ్మ ఆదోనిలో అలాంటి మిల్లులో కొన్నాళ్ళు చేసింది, చాలా తర్వాతి కాలంలోనే అనుకోండి, అయినా చీర కొంగు ముక్కుకి కట్టుకుని పడుకునే అలవాటు చివరి దాకా పోలేదు.

సూటిగా_చెప్తా
సరే, ఒక సూటి ప్రశ్న. 1881 చట్టం ఎవరు తెచ్చారు? తెల్లవాళ్ళు. ఎందుకు? మన కార్మికుల మీద ప్రేమతోనా? బొంబాయి మిల్లులు చవగ్గా నూలు తీస్తుంటే ఇంగ్లండ్‌లో బట్టల మిల్లులున్న లాంకషైర్ వాళ్ళకి కడుపు మండింది. ఇక్కడ పని గంటలు తగ్గితే వాళ్ళకి లాభం. దీన్ని కార్మిక సంక్షేమం అని చదువుతున్నాం.

పాతకాగితాలు
ఇందులో మీరన్నది చాలావరకు నిజం. అప్పట్లో మన పత్రికలు, నాయకులు కూడా ఆ కారణంతోనే చట్టాన్ని వ్యతిరేకించారు. కానీ మొత్తం అదే కాదు. బొంబాయిలోనే సొరాబ్జీ షాపూర్‌జీ బెంగాలీ అనే పార్సీ పెద్దమనిషి 1878 నుంచి చట్టం కావాలని పోరాడాడు. ఆయనకి లాంకషైర్‌లో మిల్లు లేదు.

లెక్కల_మాస్టారు
యజమాని దేశభక్తుడైనంత మాత్రాన ఏడేళ్ళ పిల్లవాడికి నిద్ర ఆగుతుందా? లాంకషైర్ వాడిది స్వార్థమే, ఒప్పుకుంటా. దానివల్ల పిల్లవాడికి ఒక గంట విరామం దొరికితే ఆ గంట వద్దనాలా?

సూటిగా_చెప్తా
వద్దనను. కానీ తెచ్చినవాడికి దండ వెయ్యను.

పెరంబూర్_ప్రభాకర్
దండ లోఖండేకి వేద్దాం. నారాయణ్ మేఘాజీ లోఖండే, జ్యోతిరావు ఫూలే అనుచరుడు, 'దీనబంధు' పత్రిక నడిపాడు. 1884 సెప్టెంబరులో బొంబాయిలో మిల్లు కార్మికుల సభలు పెట్టి 5,500 మంది చేత అర్జీ పెట్టించాడు. అడిగినవి చూడండి: ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పని పొద్దున ఆరున్నరకి మొదలై పొద్దుగూకేసరికి ఆగాలి, జీతం వచ్చే నెల 15 లోపు ఇవ్వాలి, మిషన్‌లో పడి దెబ్బ తగిలితే కోలుకునేదాకా జీతం. ఎవడూ మిల్లు రాసిమ్మనలేదు.
1890 ఏప్రిల్‌లో మహాలక్ష్మి దగ్గర దాదాపు పదివేల మందితో సభ. అందులో ఇద్దరు మిల్లు కార్మిక స్త్రీలు కూడా మాట్లాడారు. ఆ జూన్‌లో మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకి ఒప్పుకుంది. మీ గ్రూపులో "సెలవుల్లేవు, సంఘాల్లేవు" అన్నాయనకి ఇది పంపండి వేణు గారూ.

వేములవాడ_వేణు
పంపాను. "ఇంత పెద్ద మెసేజ్ ఎవడు చదువుతాడు" అన్నాడు.

షోలాపూర్_కోడలు
లోఖండే చుట్టూ మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. బొంబాయిలో కట్టడాల పని చేసే కామాఠీలు తెలంగాణ నుంచి పోయినవాళ్ళే, కామాఠీపురా పేరు వాళ్ళ వల్లే వచ్చింది. వాళ్ళలో కంట్రాక్టర్లుగా ఎదిగిన వ్యంకు బాళోజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటివాళ్ళు కులానికి ఎదురుగా ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కి డబ్బుతో, మనిషితో అండగా నిలబడ్డారు. మన పుస్తకాల్లో వీళ్ళ పేర్లు కనబడవు.

నైట్‌షిఫ్ట్_నాని
కరెంటు దీపాలు వచ్చాక పని సులువైందా?

పాతకాగితాలు
కష్టమైంది. వెలుగు పోతే పని ఆగడం అప్పటిదాకా కార్మికుడికి దొరికిన ఒకే ఒక రక్షణ. 1905 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో బల్బులు వచ్చాయి, నూలుకి గిరాకీ కూడా బాగుంది, దాంతో చాలా మిల్లులు 14, 15 గంటలు నడిపాయి. దాని మీద ఆ ఏడాది గొడవలు జరిగాయి. తర్వాత 1907-08లో ఫ్యాక్టరీ లేబర్ కమిషన్ వేశారు. పెద్ద మగవాళ్ళ పని గంటలకు చట్టంతో హద్దు పెట్టడానికి అందులో ఎక్కువమంది ఒప్పుకోలేదు. పెట్టాల్సిందే అని విడిగా అసమ్మతి రాసినాయన మద్రాసు డాక్టరు టి.ఎం. నాయర్, తర్వాత జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరు. చివరికి 1911 చట్టంలో బట్టల మిల్లుల్లో మగవాళ్ళకి 12 గంటల హద్దు వచ్చింది. 1922లో 11 గంటలు, 1934లో 10, 1946లో 9. ఒక్కో గంట తగ్గడానికి పదేళ్ళు పైనే పట్టింది.

చీరాల_చినబాబు
ఇళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా మేనమామ బొంబాయి చాల్‌లో (వరస గదుల అద్దె ఇళ్ళు) పెరిగాడు. ఒక్క గది, బయట వరండా, వీధికి చివర నల్లా. మూడు షిఫ్టుల మగాళ్ళు వంతులవారీగా అదే చాప మీద పడుకునేవాళ్ళట. ఒకే ఊరివాళ్ళంతా ఒక గది తీసుకుని, తిండి ఖానావళిలో (పూటకూళ్ళ ఇంట్లో).

లెక్కల_మాస్టారు
1911 జనాభా లెక్కల్లో బొంబాయి జనంలో 69 శాతం ఒక్క గది ఇళ్ళలోనే. గదికి సగటున నలుగురికి పైగా. అది సగటు, మిల్లు పేటల్లో ఎనిమిది, పదిమంది కూడా.

ఆదోని_అమ్మాయి
పసిపిల్లల చావులు కూడా చెప్పండి. 1921లో ఒక్క గది ఇళ్ళలో పుట్టిన ప్రతి వెయ్యిమందికి 828 మంది ఏడాది నిండకుండా పోయారని చదివాను. చదివిన రోజు అన్నం సహించలేదు.

లెక్కల_మాస్టారు
ఆ అంకె అప్పటి నగర రికార్డులదే, కానీ జాగ్రత్తగా వాడాలి. మిల్లు కుటుంబాల్లో చాలామంది కాన్పుకి సొంతూరు వెళ్ళేవాళ్ళు. పుట్టుక ఊళ్ళో, చావు బొంబాయిలో. బొంబాయి పుస్తకంలో పుట్టుకలు తక్కువ, చావులు మాత్రం పూర్తిగా. కింద అంకె చిన్నదైతే నిష్పత్తి ఉబ్బుతుంది. అసలు రేటు అంతకన్నా తక్కువ. ఎంత తక్కువైనా భయంకరమే, కానీ వాదనలో 828 అంటే ఇదిగో ఇలా పట్టుకుంటారు.

ఆదోని_అమ్మాయి
సరే మాస్టారూ, అంకె మీకే వదిలేస్తా. బాలగోళీ సంగతి మాత్రం వదలను. తల్లి మిల్లుకి పోతే పాప ఏడవకుండా పడుకోవాలని నల్లమందు కలిపిన చిన్న గోళీ వేసేవాళ్ళు. 1922 ప్రాంతంలో బొంబాయి మిల్లు స్త్రీల మీద డాక్టర్ బార్న్స్ అనే లేడీ డాక్టరు చేసిన సర్కారు విచారణలో నూటికి 98 మంది పసివాళ్ళకి అది అలవాటని తేలింది. తల్లులకి బుద్ధి లేక కాదు. పసిబిడ్డని మిషన్ల మధ్యకి తీసుకెళ్ళలేరు, ఇంట్లో చూసే దిక్కు లేదు.

ఉల్లిదోశ
ఇక్కడ నాకు జోకు రావట్లేదు.

పెరంబూర్_ప్రభాకర్
అందరూ కార్మికులు కార్మికులు అని ఒకే ముద్దగా మాట్లాడుతున్నారు. లోపల కులం ఎక్కడికీ పోలేదు. మిల్లులో మంచి జీతం ఉండేది నేత ఖాతాలో. అందులోకి దళితుల్ని రానిచ్చేవాళ్ళు కాదు. కారణం ఏం చెప్పేవాళ్ళంటే, షటిల్‌లో (మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె) కొత్త కండె (నూలు చుట్టిన పుల్ల) పెట్టినప్పుడు దారాన్ని నోటితో పీల్చి కన్నంలోంచి లాగాలి, ఒకరు పీల్చిన షటిల్ ఇంకొకరు పీలుస్తారు, మైల. నూలు వడికే ఖాతాల్లో ఎంతమందైనా చేరొచ్చు, నేత ఖాతా మాత్రం వద్దు. 1928 సమ్మె ఆరు నెలలు నడిచింది, లక్షన్నర మంది. అంబేద్కర్ అప్పుడే నిలదీశాడు: మీ కోరికల జాబితాలో నేత ఖాతా తలుపు తెరవాలన్నది కూడా ఉంటుందా, లేదా అని. నాయకులు ఇబ్బంది పడుతూనే ఒప్పుకున్నారు. మైల అన్న ఆ ఎంగిలి దారం వల్ల క్షయ పాకుతుందన్న భయం కూడా ఉండేది, దానికి మాత్రం కులం అడ్డం రాలేదు.

సూటిగా_చెప్తా
ఇది నాకు తెలియదు. అంటే ఊళ్ళో కులం తప్పించుకోవడానికి సిటీకి పోయారన్నది సగమే నిజం.

పెరంబూర్_ప్రభాకర్
మద్రాసులో ఇంకా ఘోరం జరిగింది. పెరంబూరు బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులు, బిన్నీ కంపెనీవి. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టారు, బి.పి. వాడియా అధ్యక్షుడు. 1920 చివర్లో కంపెనీ ఆయన మీద హైకోర్టుకి వెళ్ళి నిషేధ ఉత్తర్వులు తెచ్చుకుంది, నష్టపరిహారం కూడా వేశారు. పని మానమని కార్మికులకి చెప్పడమే తప్పట. ఈ కేసు కలవరంతోనే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషీ కార్మిక సంఘాల చట్టం కోసం పట్టుబట్టాడు, 1926లో అది వచ్చింది. 1921 సమ్మెలో మాత్రం కులం దగ్గర సంఘం చీలింది. ఆది ద్రావిడ (దళిత) కార్మికులు పనిలోకి వెళ్ళారు, మిగతావాళ్ళు సమ్మెలో ఉన్నారు, పుళియంతోపులో ఇళ్ళు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. మా పేటలో పెద్దవాళ్ళు ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

చీరాల_చినబాబు
@సూటిగా_చెప్తా "తాడేసి కట్టి తోలలేదు" అన్నారు పైన. కొందరిని తోలారు. షోలాపూర్‌లో నేరస్థ తెగల చట్టం (కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన చట్టం) కింద ముళ్ళకంచె లోపల సెటిల్‌మెంట్ పెట్టి, అందులోవాళ్ళని మిల్లు పనికి పంపేవాళ్ళు. హాజరు వేయించుకోవాలి, అడగకుండా కంచె దాటితే శిక్ష. మా పక్కన స్టువర్టుపురం కూడా అదే చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచిన ఎరుకల సెటిల్‌మెంట్. అక్కడివాళ్ళు చీరాల ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి పనికి వెళ్ళేవాళ్ళు. యజమానికి ఇంతకన్నా కదలని కూలీ ఎక్కడ దొరుకుతాడు?

సూటిగా_చెప్తా
అది వేరే కేసు. మొత్తం మిల్లుల్లో వాళ్ళెంతమంది?

చీరాల_చినబాబు
తక్కువే. కానీ "ఎవరినీ" అన్నారు కదా.

వేములవాడ_వేణు
నా రెండో ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. వెనక్కి ఎందుకు రాలేదు?

పాతకాగితాలు
వచ్చారు. అదే అసలు సంగతి. కొంకణ్ నుంచి, సతారా నుంచి వచ్చినవాళ్ళకి ఊళ్ళో చెక్క పొలం ఉండేది, పెళ్ళాం పిల్లలు అక్కడే. నాట్లకి, కోతలకి, హోలీకి ఊరెళ్ళేవాళ్ళు. యజమానులు దీన్నే "నిలకడ లేని జనం" అని తిట్టారు. అయితే 1928లో ఆరు నెలలు జీతం లేకుండా సమ్మె నడిచిందంటే ఆ ఊరే కారణం. జబ్బు చేస్తే, ముసలితనం వస్తే పంపేదీ అక్కడికే. అంటే మిల్లు ఇవ్వని పెన్షన్ ఊరు ఇచ్చేది.
1896లో ప్లేగు వచ్చినప్పుడు చూడాలి. లక్షలమంది బొంబాయి వదిలి పోయారు. మిల్లులకి మనుషులు దొరక్క, వీధి మలుపుల్లో నిలబడి వేలంపాట పాడినట్టు కూలి పెంచి పిలిచారు, ఏ రోజు డబ్బు ఆ రోజే చేతిలో పెట్టారు. నెలన్నర ఆపితే గానీ జీతం ఇవ్వలేమన్న మిల్లులే అవి.

లెక్కల_మాస్టారు
ఇవ్వగలరని తేలిపోయింది కదా. ప్లేగు తగ్గగానే మళ్ళీ పాత పద్ధతే.

షోలాపూర్_కోడలు
మనవాళ్ళు మాత్రం అంతగా వెనక్కి రాలేదు. కొంకణ్ వాళ్ళకి చెక్క పొలం ఉంది, మగ్గం తప్ప ఏమీ లేని శాలీకి ఊళ్ళో ఏముంది? ఇల్లాలినీ పిల్లల్నీ తీసుకునే వచ్చేశారు. మగాడు మిల్లుకి, ఆడది ఇంట్లో కండెలు చుట్టడమో బీడీలు చుట్టడమో. మీ ముత్తాత తమ్ముడి వారసులు తూర్పు పేటలో ఎక్కడో ఉండే ఉంటారు వేణు గారూ. ఇంటిపేరు, ఊరిపేరు నాకు మెసేజ్ పెట్టండి, మార్కండేయ గుడి దగ్గర పెద్దవాళ్ళని అడిగిస్తా.

చీరాల_చినబాబు
రంగూన్ పోయినవాళ్ళని మరిచిపోకండి. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి పడవెక్కి బియ్యం మిల్లుల్లో, రేవులో చేరారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బయల్దేరడంతోనే అప్పు. 1930 మేలో రేవు సమ్మె గొడవ తెలుగు కూలీల మీద అల్లర్లుగా మారింది. దానికి వేరే దారం పెట్టాలి.

ఆదోని_అమ్మాయి
పెట్టండి, నేనూ రాస్తా. చివరగా ఒకటి. 1920లలో బొంబాయి మిల్లుల్లో సుమారు ఐదోవంతు ఆడవాళ్ళు, ఎక్కువగా నూలు చుట్టే ఖాతాల్లో. రాత్రి పని నిషేధించారు, 1929లో బొంబాయి ప్రసూతి చట్టం వచ్చింది, ఆ తర్వాత వాళ్ళ సంఖ్య తగ్గుతూ పోయింది. ఖర్చని పెట్టుకోవడం మానేశారు.

సూటిగా_చెప్తా
అదే నేను మొదటి నుంచి చెబుతున్నా. చట్టం తెస్తే ఉద్యోగం పోతుంది.

ఆదోని_అమ్మాయి
చట్టం వల్ల పోలేదు. కాన్పుకి కాసిని రూపాయలు ఇవ్వాల్సి వస్తుందని యజమాని తీసేశాడు. చేసినవాడి పేరు చెప్పడం నేర్చుకోండి.

సూటిగా_చెప్తా
ఆయన వ్యాపారం ఆయన చూసుకుంటాడు కదా.

పాతకాగితాలు
చుట్టే ఖాతాలో కొత్త మిషన్లు కూడా అప్పుడే వచ్చాయి, అవి రాగానే ఆ పనుల్లో మగవాళ్ళని పెట్టారు. కాబట్టి చట్టం ఒక్కటే కాదు, ఖర్చు ఒక్కటే కాదు. దీని మీద నా దగ్గర కొన్ని పాత కాగితాలున్నాయి, రంగూన్ దారంలోనే పెడతా, అక్కడ కొట్టుకుందాం.

ఉల్లిదోశ
ఆ దారానికి మధ్యాహ్నం అరగంట విరామం ఉంటుందా?